మన దుకాణం పేరు మన చేతిలోనే ఉండాలి

(ఉండిలో చేతివృత్తులవారు, చిన్న సేవా వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్నెట్‌లో వ్యాపార ప్రచారం గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరారు. ఇది యువకుల విషయం కదా, ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసిన వానికి దీనితో ఏమి పని అని కొందరికి అనిపించవచ్చు. నా ఉద్యోగ జీవితమంతా రిజిస్టర్ల మధ్యనే గడిచింది. రిజిస్టరులో పేరు లేనివాడు కార్యాలయం దృష్టిలో లేనట్లే. పేరు ఉండి అక్షరం తప్పయితే అతడు వేరే మనిషి. పేరు సరిగానే ఉన్నా కాగితం మరొకరి పెట్టెలో ఉంటే ఆ మరొకరి దయ మీద బ్రతకవలసిందే. ఈనాడు ప్రతివారి చేతిలో ఉన్న ఫోను కూడా అటువంటి రిజిస్టరే. అందులో మన దుకాణాల పేర్లు ఉన్నాయా, ఉంటే సరిగా ఉన్నాయా, అవి ఎవరి ఆధీనంలో ఉన్నాయి అనే మూడు ప్రశ్నలనే ఈ రోజు మీ ముందు ఉంచుతున్నాను.

మన ప్రాంతం సంగతే తీసుకొందాము. భీమవరం నుండి ఉండి మీదుగా ఆకివీడు, కైకలూరు దాకా రహదారికి రెండు వైపులా చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఈ చెరువులకు ఊపిరి ఏరియేటర్లు. పగటివేళ నీటిలోని నాచు ఆక్సిజన్‌ను ఇస్తుంది. రాత్రి నాచు, చేపలు, రొయ్యలు అన్నీ దానిని వాడుకుంటాయి. అందువలన తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఆ వేళలో ఏరియేటర్ మోటారు కాలిపోతే రైతు తెల్లవారేదాకా ఆగలేడు. పూర్వమైతే పక్క చెరువు కాపలావానిని అడిగేవాడు. ఇప్పుడు ఫోను తీసి ‘మోటారు మెకానిక్’ అని నోటితోనే అడుగుతాడు. ఫోను చూపించిన రెండు మూడు నంబర్లకు వరుసగా ఫోను చేస్తాడు. నలభై ఏండ్లుగా వైండింగు పనిలో చేయి తిరిగిన మన పెద్దాయన ఆ చెరువుకు రెండు కిలోమీటర్ల దూరంలోనే నిద్రిస్తూ ఉండవచ్చు. ఆయన పేరు ఆ వరుసలో లేకపోతే ఆ పని ఆయనది కాదు. పనితనంలో ఆయనకు లోటు లేదు. లోటు జాబితాలోనే ఉన్నది.

పటంలో లేని పేటలు

ఇది కేవలం వ్యాపార మెలకువ అయితే హక్కుల గురించి మాట్లాడుకొనే వేదిక మీద దీనిని చర్చించవలసిన అవసరం లేదు. 2005లో ఏర్పడిన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదికను జ్ఞాపకం చేసుకోండి. దేశంలోని ముస్లిం పనివారలలో 61 శాతం మంది స్వయం ఉపాధి మీద ఆధారపడినవారని ఆ నివేదిక లెక్క తేల్చింది. అంటే మనవారిలో అధికులకు నెల జీతం లేదు. రోజూ గడప దాటి వచ్చే గిరాకీయే జీతం. అదే నివేదిక మరొక సంగతిని కూడా బయటపెట్టింది. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను ‘నెగటివ్ జోన్లు’గా గుర్తించి అక్కడివారికి అప్పులు సులభంగా ఇవ్వడం లేదని అది పేర్కొన్నది. మనిషిని చూడకుండానే, అతని లెక్కలు అడగకుండానే, అతడు నివసించే పేటను బట్టి పక్కన పెట్టడమన్న మాట.

బ్యాంకు గీసిన ఆ గీతను చెరిపివేయడం మన ఒక్కరి చేతిలో లేదు. దానికి వినతిపత్రాలు, న్యాయపోరాటాలు, శాసనసభలో మాట్లాడే గొంతులు కావాలి. కాని ఫోనులోని పటం మీద మన దుకాణాన్ని నిలపడం మన చేతిలోనే ఉన్నది. దానికి రుసుము లేదు, సిఫారసు అక్కరలేదు, ఏ అధికారి సంతకమూ అవసరం లేదు. చేతిలో ఉన్న పనిని చేయకుండా చేతిలో లేనిదాని గురించే మాట్లాడుతూ కూర్చోవడం మనకు తగదు.

వెదుకులాటలో వరుస ఎలా ఏర్పడుతుంది?

గూగుల్ సంస్థ 2014లో ‘గూగుల్ మై బిజినెస్’ పేరుతో ప్రారంభించిన సేవకు 2021 నుండి ‘గూగుల్ బిజినెస్ ప్రొఫైల్’ అనే పేరు వాడుకలో ఉన్నది. దుకాణం పేరు, చేసే పని, ఫోను నంబరు, వేళలు, ఫోటోలు, కొనుగోలుదారుల అభిప్రాయాలు అన్నీ ఒకచోట కనిపించే పత్రం అది. స్థానికంగా వెదికినప్పుడు ఎవరిని ముందు చూపాలన్నది ముఖ్యంగా మూడు విషయాల మీద ఆధారపడుతుందని ఆ సంస్థే చెబుతున్నది. మొదటిది పొందిక: వెదికేవాడు అడిగిన పనికీ, మీరు రాసుకున్న పనికీ సరిపోలిక. రెండవది దూరం: వెదికేవాడు ఉన్న చోటుకు మీరు ఎంత దగ్గరలో ఉన్నారన్నది. మూడవది ప్రఖ్యాతి: మీ గురించి ఎంతమంది చెప్పారు, ఎలా చెప్పారు అన్నది. డబ్బు తీసుకొని ఈ వరుసలో ఎవరినీ పైకి జరపబోమని కూడా ఆ సంస్థ స్పష్టం చేసింది. డబ్బు కట్టి వేయించుకొనే ప్రకటనలు వేరు. వాటి మీద ప్రకటన అనే గుర్తు ఉంటుంది, డబ్బు ఆగిన రోజున అవీ ఆగిపోతాయి.

ఈ మూడింటిని తెలుసుకొంటే మోసపోవడం సగం తగ్గుతుంది. ఉండిలో దుకాణం ఉన్నవానిని భీమవరం పట్టణం నడిబొడ్డున వెదికే ప్రతివారికీ మొదటి స్థానంలో చూపిస్తానని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు. దూరం అనేది ఎవరూ మార్చలేని విషయం. మన బలం మన చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉన్నది. ఆ ఊళ్ళ వరకు మనం బాగా కనిపిస్తే చాలు. చేతినిండా పని ఉంటుంది.

పేరు, పని, వేళలు

ఇక రాసుకోవలసిన విధానం. ముందు పేరు. మన ఇంటిపేర్ల అవస్థ మీకు తెలియనిది కాదు. ఒకే కుటుంబంలో తండ్రి ఆధార్‌లో ‘షేక్’, కుమారుని మార్కుల జాబితాలో ‘షైక్’, రేషన్ కార్డులో రెండు పొడి అక్షరాలు. ఈ తేడాల వలన పింఛన్లు ఆగిన సందర్భాలు, స్కాలర్‌షిప్పులు తిరిగి వెళ్ళిన సందర్భాలు మన ఇండ్లలోనే ఉన్నాయి. యంత్రం గుమాస్తా కంటే మొండిది. బోర్డు మీద ఒక పేరు, ఫోనులో ఒక పేరు, బిల్లు పుస్తకం మీద మరొక పేరు ఉంటే అవి మూడు దుకాణాలని అది అనుకోవచ్చు. కాబట్టి ఒక్క పేరు, ఒక్క నంబరు, ఒక్క చిరునామా నిర్ణయించుకొని అన్నిచోట్లా అక్షరం మారకుండా అదే రాయండి.

పేరులోనే ఊళ్ళన్నింటినీ, పనులన్నింటినీ గుదిగుచ్చవద్దు. బోర్డు మీద ఎలా ఉన్నదో అలాగే పేరు రాయాలన్నది నిబంధన. దానిని అతిక్రమిస్తే పత్రాన్నే నిలిపివేసే అవకాశం ఉన్నది. పనిని తెలపడానికి ‘వర్గం’ అనే గడి వేరుగా ఉన్నది. అక్కడ మీ ప్రధానమైన పనిని ఎన్నుకోండి. వివరణలో మన జనం వాడే మాటలనే తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ రాయండి. పరుపులు కుట్టేవారు ‘పాత పరుపుల దూది ఏకి తిరిగి కుట్టబడును’ అని రాయండి. వంటవారు ‘వలీమాకు, పెళ్ళిళ్ళకు ఇంత మందికి బిర్యానీ వండగలము’ అని రాయండి. ఏసీ మెకానిక్ ‘గ్యాస్ నింపుట, సర్వీసు, బిగింపు’ అని విడివిడిగా రాయండి. ‘అన్ని రకాల పనులు చేయబడును’ అన్న వాక్యం బోర్డుకు సరిపోతుందేమోగాని వెదికేవానికి దానివలన ఏమీ తెలియదు.

దుకాణం లేకుండా కొనుగోలుదారు ఇంటికే వెళ్ళి పనిచేసేవారు తమ ఇంటి చిరునామాను చూపనక్కరలేదు. చూపకూడదనే నిబంధన చెబుతున్నది. దానికి బదులు తాము పనిచేసే ప్రాంతాలను, గరిష్ఠంగా 20 వరకు, పేర్కొనవచ్చు. ఇంటి వద్ద కుట్టుపని చేస్తూ, బట్టలను కొనుగోలుదారుల ఇండ్ల నుండి తెచ్చి తిరిగి అందజేసే మన సోదరీమణులకు ఈ వెసులుబాటు చాలా విలువైనది. అయితే ఫోను నంబరు మాత్రం అందరికీ కనిపిస్తుంది. కాబట్టి పని కోసం వేరొక నంబరు ఉంచుకోవడం మంచిది. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుంది, పనితనం నలుగురికీ తెలుస్తుంది.

వేళల విషయం చిన్నదిగా కనిపిస్తుంది. శుక్రవారం జుమా నమాజుకు దుకాణం మూస్తాము. రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళ మూసి, రాత్రి పొద్దుపోయేదాకా తెరుస్తాము. పత్రంలో మాత్రం ఉదయం తొమ్మిది నుండి రాత్రి తొమ్మిది వరకు అని రాసి వదిలివేస్తాము. ఆరు కిలోమీటర్లు బండి మీద వచ్చినవాడు తాళం చూసి తిరిగి వెళ్ళి కోపంతో ఒక్క నక్షత్రం ఇస్తే తప్పు అతనిది కాదు. వారంలో ఏ రోజు ఎప్పుడు మూస్తామో, పండుగలకు ఏ వేళలో ఉంటామో ముందుగా మార్చుకొనే సదుపాయం అందులోనే ఉన్నది. వాడుకోండి.

తాళంచెవి ఎవరి వద్ద?

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. మన ఏలూరు తివాచీల సంగతి మీకు తెలుసు. పారశీక దేశం నుండి వచ్చి స్థిరపడినవారి వలన అక్కడ ఆ నేత మొదలైనదని చెప్పుకొంటారు. తరతరాలుగా ముస్లిం కుటుంబాలు ఆ మగ్గాల మీద పనిచేశాయి. ఆ తివాచీలు సముద్రాలు దాటి వెళ్ళాయి. ఏ చేతివృత్తిలోనైనా సాధారణంగా జరిగేదేమంటే, నేసినవాని పేరు కొన్నవానికి తెలియదు, కొన్నవాని ఊరు నేసినవానికి తెలియదు. ఇద్దరి నడుమా ఆర్డరు పుస్తకం ఎవరి వద్ద ఉంటే ధరను నిర్ణయించేది వారే. మగ్గం నేతగానిదే, నైపుణ్యం నేతగానిదే, అయినా లాభం పుస్తకం ఉన్నచోటికే చేరుతుంది.

ఫోనులోని పత్రమూ అటువంటి ఆర్డరు పుస్తకమే. నా దృష్టికి వచ్చిన ఒక సంగతి చెబుతాను. ఊరు పేరు, మనిషి పేరు అనవసరం. ఒక మెకానిక్ కోసం ఒక యువకుడు తన సొంత ఈమెయిల్‌తో పత్రం తయారుచేసి నెలకు కొంత సొమ్ము తీసుకొనేవాడు. గిరాకీ పెరిగింది. కొంతకాలానికి సొమ్ము దగ్గర మాట తేడా వచ్చింది. పత్రంలో ఫోను నంబరు మారిపోయింది. పాత కొనుగోలుదారుల మంచి మాటలన్నీ అలాగే ఉన్నాయి, దుకాణం ఫోటో అలాగే ఉన్నది, ఫోను మాత్రం మరొకరికి వెళ్ళుతున్నది. మూడేండ్ల శ్రమతో సంపాదించిన మంచిపేరు ఒక్క రోజులో అద్దె ఇల్లు అయిపోయింది.

కాబట్టి పత్రం మీ సొంత గూగుల్ ఖాతాతో, మీ ఫోను నంబరుతోనే తెరవాలి. అందులో ‘యజమాని’, ‘నిర్వాహకుడు’ అని రెండు హోదాలు ఉన్నాయి. సహాయం చేసే పిల్లవాడిని నిర్వాహకునిగా చేర్చండి. యజమాని మీరే ఉండండి. పాస్‌వర్డును భూమి దస్తావేజు దాచినచోటే రాసి దాచండి. ఇదివరకే ఎవరైనా మీ దుకాణం పేరుతో పత్రం పెట్టారేమో వెదికి చూడండి. ఉంటే కొత్తది తెరవకుండా, దానిమీద మీ యాజమాన్యాన్ని కోరుతూ అభ్యర్థన పంపే మార్గం ఉన్నది. ధ్రువీకరణకు చాలాసార్లు వీడియో అడుగుతారు: వీధి, బోర్డు, పనిముట్లు, తాళం తీసి మీరు లోపలికి వెళ్ళడం ఎక్కడా కత్తిరించకుండా చూపాలి. 2020 జూలై 1 నుండి అమలులో ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే. ఆ ధ్రువపత్రం చేతిలో ఉంటే బ్యాంకుకూ, ప్రభుత్వ పథకాలకూ దుకాణం ఉన్నదనడానికి ఒక ఆధారం ఏర్పడుతుంది.

‘గూగుల్ నుండి మాట్లాడుతున్నాము, మీ పత్రం రద్దవుతున్నది, ఇంత కట్టండి’ అని వచ్చే ఫోనులకు ఒకే సమాధానం: పెట్టేయడం. పత్రానికి రుసుము లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. సొమ్ము పోయినట్లయితే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి.

నలుగురి మాట

అభిప్రాయాల విషయంలో నిజాయితీ తప్పవద్దు. డబ్బిచ్చి పొగడ్తలు రాయించుకోవడం, రాసినవారికి ధర తగ్గించడం, బంధువుల చేత పోటీదారుని తిట్టించడం ఇవన్నీ నిబంధనలకు విరుద్ధం. కొనుగోలు చేసిన అభిప్రాయాలను ప్రచురించరాదని భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో వెలువరించిన ఐఎస్ 19000 ప్రమాణం చెబుతున్నది. నియమాల మాట అలా ఉంచండి; తూకంలో మోసం చేయరాదని పిల్లలకు చెప్పే మనం మాటలో మాత్రం మోసం చేయవచ్చునా? పని పూర్తి అయిన వెంటనే ‘మా పని నచ్చితే, నచ్చకపోయినా, ఉన్నది ఉన్నట్లు రెండు మాటలు రాయండి’ అని ప్రతివారినీ అడగండి. నెలకు నాలుగు నిజమైన మాటలు చాలు. ఎవరైనా నిష్ఠూరంగా రాస్తే వాదానికి దిగకుండా, ఏమి జరిగిందో, ఎలా సరిదిద్దుతారో మర్యాదగా సమాధానం రాయండి. ఆ జవాబును చదివేది అతనొక్కడే కాదు, రేపు రాబోయే వందమంది.

పని గురించి కాక మన మతం గురించి దూషణ రాసేవారు కూడా ఉంటారు. దానికి సమాధానం దూషణ కాదు. ముందు దాని చిత్రాన్ని భద్రపరచండి. తరువాత ద్వేషపూరితమైనదని ఆ సంస్థకు నివేదించండి. బెదిరింపు ఉంటే పోలీసులకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నోటిమాటగా కాదు, రసీదు తీసుకొని.

ఇక్కడే ఒక సున్నితమైన ప్రశ్న. ‘మన పేరు కనబడితే గిరాకీ రాదేమో, వేరే పేరు పెట్టుకోవచ్చునా?’ అని యువకులు అడుగుతున్నారు. వారి భయాన్ని కొట్టివేయను. 2024 జూలైలో కాఁవడ్ యాత్ర సందర్భంగా ఉత్తరప్రదేశ్‌లో దారి పొడవునా తినుబండారాల దుకాణాల మీద యజమానుల పేర్లు రాయాలని అధికారులు ఆదేశించారు. జూలై 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశాలను నిలిపివేస్తూ, ఏ రకమైన ఆహారం అమ్ముతున్నారో తెలపమనవచ్చునుగాని యజమానుల, పనివారల పేర్లు పెట్టమని ఒత్తిడి చేయరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. పేరు పెట్టుకొనడం, పెట్టుకోకపోవడం రెండూ యజమాని ఇష్టమేనన్నది దీనినుండి మనం గ్రహించవలసిన సారాంశం. దుకాణానికి ఊరి పేరు పెట్టుకొన్నా, తండ్రి పేరు పెట్టుకొన్నా అది మీ స్వేచ్ఛ. ఏ వృత్తినైనా చేపట్టే స్వేచ్ఛను రాజ్యాంగం 19వ అధికరణం మనకు ఇచ్చింది. నా అభిప్రాయం మాత్రం ఇది: ఈ చెరువు గట్ల మీద రెడ్డి గారి మోటారునూ, రాజు గారి జీపునూ, వడ్డి సోదరుని పడవ ఇంజనునూ బాగుచేసింది మన తాత ముత్తాతలు. ఆ పేరు పిలిచే ఈ ఊరివారు మనలను పని చేయించుకొన్నారు. తెలిసిన పేరును మనమే దాచుకొంటే తరువాతి తరం దానిని పలకడమే మరచిపోతుంది.

మనం చేయవలసినది

చివరిగా ఒక హెచ్చరిక. గూగుల్ పత్రం కూడా పూర్తిగా మన ఆస్తి కాదు. చిన్న వ్యాపారులకు ఆ సంస్థ ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను 2024 మార్చిలో మూసివేసింది. వాటినే నమ్ముకున్నవారు మళ్ళీ వేరే ఏర్పాటు చూసుకోవలసి వచ్చింది. ఇతరుల స్థలంలో వేసిన పందిరి వంటిదే ఇది. నీడ ఉన్నంతకాలం వాడుకోవాలి, సొంత గోడ మాత్రం మానరాదు. ఆ సొంత గోడ ఒక నోటు పుస్తకం. వచ్చిన ప్రతి కొనుగోలుదారుని పేరు, ఊరు, నంబరు, చేసిన పని, తేదీ రాసి ఉంచండి. ఏసీ సర్వీసు చేసి ఆరు నెలలు అయినప్పుడు, మోటారు వైండింగు చేసి సంవత్సరం అయినప్పుడు వాట్సాప్ బిజినెస్‌లో మర్యాదగా ఒక్క వాక్యం పంపండి. వద్దన్నవారికి పంపవద్దు. ఆ పుస్తకాన్ని ఏ సంస్థా మూసివేయలేదు.

ఒక్కొక్కరు ఒంటరిగా చేయడం కష్టం. ఫోనులో ఆరితేరిన పిల్లలు ప్రతి ఇంట్లో ఉన్నారు. పనిలో ఆరితేరిన పెద్దలూ ఉన్నారు. ఈ ఇద్దరినీ కూర్చోబెట్టడమే మన పని. డిగ్రీ చదువుతున్న పిల్లలు, ఆడపిల్లలు సహా, ఒక్కొక్కరు ఐదు దుకాణాలను ఎన్నుకోండి. దుకాణంలోనే కూర్చొని, యజమాని ఫోనులోనే, యజమాని ఖాతాతోనే పత్రం తెరవండి. పాస్‌వర్డు మీరు చూడవద్దు. ఆయన చేతనే రాయించండి. పొరుగున ఉన్న దళిత సోదరుని చెప్పుల దుకాణమైనా, రజక సోదరుని ఇస్త్రీ బండి అయినా ఐదింటిలో ఒకటిగా చేర్చండి. హక్కు గురించి మాట్లాడేవాడు దానిని తన గుమ్మం వరకే పరిమితం చేయరాదు.

ఈ సమావేశం ముగిసిన తరువాత ప్రతి యజమానీ చేయవలసిన మొదటి పని ఒక్కటే. మీ ఫోనులో కాదు, పక్కవారి ఫోనులో మీ పనిని, మీ ఊరిని చెప్పి వెదకండి. మీ పేరు లేకపోతే రేపే రాయించుకోండి. తప్పుగా ఉంటే దిద్దించుకోండి. ఇతరుల చేతిలో ఉంటే అడిగి తీసుకోండి.